కాలువ గట్టు కొట్టు: ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా పని డైరీ

గోదావరి మధ్య డెల్టాలో, ఒకప్పుడు పడవలు నడిచిన కాలువ గట్టు మీద ఉన్న కట్టడం ఇది. లోపలి కొలత 18 మీటర్ల పొడవు, ఏడున్నర మీటర్ల వెడల్పు. అయిదు అంకణాలు, అంటే దూలాల వరసలతో విడిపోయిన భాగాలు. గోడ మందం అడుగున్నర, ఇటుకా సున్నం. పైన తాటి దూలాలు, మంగుళూరు పెంకు. ధాన్యం ఉన్నప్పుడు దీన్ని ఊళ్ళో కొట్టు అన్నారు. వడ్లు దంచే హల్లర్ నడిచినప్పుడూ, కురిడీలు (ఎండు కొబ్బరి గుండ్లు) ఎత్తినప్పుడూ, ఎరువులు దింపినప్పుడూ, రేషను ఇచ్చినప్పుడూ ఆ పేరే నిలిచింది. ఇప్పుడు పంచాయతీ అనుమతితో దీన్ని చదువుకునే గదిగా మారుస్తున్నాం. వరద రోజుల్లో సామాను దాచుకునే చోటుగా కూడా పనికిరావాలి.

మొదట వచ్చిన సలహా అందరికీ తెలిసిందే: పాత గచ్చు, అంటే గోడ మీది సున్నపు పూత, చెక్కేసి సిమెంటు కొట్టండి, పైన టైల్స్ వేయండి, పెంకు తీసి రేకులు వేయండి. దానికి మేము ఒప్పుకోలేదు. ఈ గోడలో ఒక్కో అంకణం ఒక్కో రకంగా పాడైంది. ఏ అంకణంలో ఏ వ్యాపారం నడిచిందో తెలియకుండా దేనికీ మందు వేయలేం. అందుకే తాపీ పట్టకముందు ఆరు వారాలు చదవడానికే కేటాయించాం.

ఫిబ్రవరి మొదటి వారం

కొలతలు, ఫోటోలు అయ్యాయి. తర్వాత ప్రతి అంకణంలోనూ గోడ మీద జానెడు పొడవున, రెండు వేళ్ళ వెడల్పున ఒక పట్టీ గీకాం. పూత మొత్తాన్ని ఒకేసారి గీకకూడదు. సర్జికల్ బ్లేడుతో మెట్లు మెట్లుగా పోవాలి. మొదటి రెండు సెంటీమీటర్లు పైపూత వరకే, తర్వాతి రెండు దాని కిందిది, అలా ఇటుక కనబడేదాకా. తడి గుడ్డతో తుడిస్తే పొరలు విడివిడిగా కనిపిస్తాయి.

ఒకటో అంకణంలో పైన పచ్చ ఆయిల్ పెయింటు, దాని కింద సిమెంటు పూత, ఆ కింద పసుపు డిస్టెంపరు, ఇంకా కింద నీలిమందు కలిపిన సున్నం, అన్నిటికీ అడుగున తెల్ల సున్నం. పసుపు పొర మీద నల్ల అక్షరాలు తగిలేసరికి పట్టీని కొంచెం పెంచాం. "బియ్యం కి. 2-00" అని ఉంది. కిలో రెండు రూపాయల బియ్యం మొదలైంది 1983లో. అంటే ఆ రాత, దాని మీద కొట్టిన సిమెంటు పూత, ఆపైన పచ్చ రంగు అన్నీ 1983 తర్వాతివే. కాగితం దొరకనిచోట గోడ మీది ధరల పట్టికే మాకు దస్తావేజు అయింది. ఆ నాలుగు అక్షరాల చుట్టూ అడుగు మేర అలాగే వదిలేస్తున్నాం.

మూడో అంకణం నేలలో మోకాలెత్తు ఇటుక దిమ్మ ఉంది. దానిలోంచి నాలుగు బోల్టులు పైకి తేలి ఉన్నాయి. అది ఆయిలింజన్ దిమ్మ. దానికి ఎదురుగా గోడలో బెల్టు వెళ్ళిన కన్నం ఉంది, దాన్ని తర్వాత ఎవరో సిమెంటుతో మూసేశారు. నాలుగో అంకణం పొరలన్నీ మసి. అక్కడ దూలాల మీద వెదురు తడికెల అటక ఆనవాళ్ళున్నాయి. కురిడీకి కాయను ఎనిమిది నుంచి పన్నెండు నెలలు అటక మీద ఉంచుతారు, చెమ్మ రోజుల్లో కింద సన్నని పొగ పెడతారు. అయిదో అంకణంలో మనిషెత్తు దాకా పూత నిలవనేలేదు. ఇటుక ముఖం పొడిపొడిగా రాలుతోంది. ఎరువుల బస్తాలు ఉన్నది అక్కడే.

కాలువ వైపు మెట్ల దగ్గర గట్టు రాతిలో ఇనప కడియం ఒకటి మిగిలింది, పడవ కట్టేది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తర్వాత చాలాకాలం ఈ ప్రాంతానికి కాలువలే రోడ్లు. కొట్టు అసలు సింహద్వారం కాలువ వైపు ఉండడానికి కారణం అదే. ఇప్పుడు అందరూ ముందు తలుపు అంటున్నది నిజానికి దొడ్డి తలుపు.

ఫిబ్రవరి చివర

చెమ్మ పరీక్ష. గోడ తడిగా ఉంటే అందరూ కాలువ ఊట అనేస్తారు. ఊట కావచ్చు, కాకపోనూవచ్చు. గోడలో ఉప్పు దిగి ఉంటే అది గాలిలోని తేమను లాక్కుని తనంతట తానే తడుస్తుంది. రెండూ చూపుకి ఒకేలా ఉంటాయి, వైద్యం మాత్రం వేరు.

ప్రతి అంకణంలో మూడు ఎత్తుల్లో పొడి తీశాం: నేల నుంచి 30 సెంటీమీటర్లు, 90, 150. పది మిల్లీమీటర్ల బిట్టు, డ్రిల్లు నెమ్మదిగా తిప్పాలి. వేగంగా తిప్పితే బిట్టు వేడెక్కి తేమ అక్కడే ఆవిరైపోతుంది, లెక్క తప్పుతుంది. పైన సెంటీమీటరు పొడి పారేసి, ఆ తర్వాత ఎనిమిది సెంటీమీటర్ల లోతు వరకు వచ్చిందే తీసుకోవాలి. వెంటనే మూత బిగువుగా ఉండే చిన్న సీసాలో పోసి పేరు రాయాలి. కంసాలి కొట్లో వాడే త్రాసు, అంటే గ్రాములో వందో వంతు చూపించేది, చాలు. తూచి, 105 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఓవెన్‌లో ఆరబెట్టి మళ్ళీ తూచాం. ఎంత తగ్గిందో అంత తేమ.

తర్వాత ఆరిన పొడిని మూతలేని గిన్నెల్లో పోసి పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో ఉంచాం. డబ్బా అడుగున కల్లుప్పు ముద్దగా కలిపిన నీళ్ళు. నీళ్ళలో కరగని ఉప్పు ఇంకా కనబడుతూ ఉండాలి. అప్పుడే మూత పెట్టిన డబ్బాలో గాలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. వారం తర్వాత మళ్ళీ తూచాలి. ఆ వారంలో పొడి పెరిగిన బరువంతా గాలి నుంచి ఉప్పు లాగిన నీరే.

కాలువ నిండుగా ఉన్నప్పటి లెక్క ఇది: 30 సెంటీమీటర్ల ఎత్తులో ఒకటో అంకణంలో 14 శాతం తేమ, అయిదో అంకణంలో 13. దాదాపు ఒకటే. కానీ డబ్బాలో వారం ఉంచాక ఒకటో అంకణం పొడి 2 శాతమే పెరిగింది, అయిదో అంకణం పొడి 9 శాతం పెరిగింది. పైన 150 సెంటీమీటర్ల దగ్గర ఒకటో అంకణం 2 శాతానికి దిగితే అయిదోది 8 దగ్గరే ఉంది. ఊట అంత ఎత్తు ఎక్కదు. బస్తాలు గోడకి ఆనించి పేర్చిన ఎత్తుకి ఇది సరిగ్గా సరిపోతోంది. యూరియా, పొటాష్ రెండూ నీళ్ళలో ఇట్టే కరిగేవే. చిరిగిన సంచిలోంచి రాలిందీ, చెమ్మకి కారిందీ ఏళ్ళ తరబడి ఇటుకలోకి దిగింది.

మార్చి

కాగితాల పని త్వరగానే తేలింది. స్థలం గ్రామకంఠం, అంటే ఊరి ఇళ్ళ జాగా, కాబట్టి పొలాల లెక్క రాసే అడంగల్ వల్ల ఉపయోగం లేదు. పంచాయతీ ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టర్లే పనికొచ్చాయి, వాటిలో "మిల్లు", "గోదాము" అని వాడకం రాసి ఉంటుంది. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం, ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుదానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించుకోవాలి.

పైకప్పు మార్చి దాటనివ్వలేదు. ఏప్రిల్ అంటే దాళ్వా (రెండో పంట వరి) కోతలు, మనిషి దొరకడు.

లెక్క: చూరుతో కలిపి 19.2 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు, వాలు 30 డిగ్రీలు. రెండు వాలులూ కలిపి 200 చదరపు మీటర్లు. రీపర్లు, అంటే పెంకు కూర్చునే సన్న కర్రలు, 32 సెంటీమీటర్ల దూరంలో, ఒక్కో వైపు 17 వరసలు, మొత్తం 650 మీటర్ల పైచిలుకు. చదరపు మీటరుకు 15 పెంకుల చొప్పున 3,050 దాకా కావాలి. దింపిన పెంకును ఒక్కోటీ వేలి కణుపుతో కొట్టి చూశాం. ఖంగుమంటే మంచిది, బొంగురుగా మోగితే లోపల సన్న పగులున్నట్టు. అలా 2,150 నిలిచాయి. మిగతావి పాత ఇళ్ళు విప్పేచోట కొన్నాం. ఇక్కడ ఒక తప్పు జరిగింది. వేరే ఫ్యాక్టరీ పెంకు 300 వచ్చింది. చూడ్డానికి ఒకటే కానీ గాడి పావు అంగుళం తేడా, పక్క పెంకులో కూర్చోదు. బలవంతంగా కూర్చోబెడితే నీళ్ళు రీపరు మీదికి వస్తాయి. వాటన్నిటినీ ఏరి, కాలువ వైపు వాలులో ఒక చివర వాటికవే వరసలుగా వేశాం. కొనేటప్పుడు పెంకు వెనక ముద్ర చూసి, మన పెంకుతో జత కలిపి చూసుకోవాలి.

తాటి దూలాలు బాగున్నాయి, గోడలో దిగిన చివర్లు తప్ప. ఏడు దూలాల చివర చెయ్యి పెడితే పొడి వచ్చింది. మంచి చేవ దొరికేదాకా కోసి, అక్కడ ఏటవాలుగా, దూలం మందానికి మూడు రెట్ల పొడవున కోత పెట్టి కొత్త ముక్క అతికించాం. ఒక్కో అతుక్కి రెండు బోల్టులు, వాషర్లు. చివర గోడలో కూర్చునే చోట చుట్టూ వేలెడు ఖాళీ వదిలాం. చుట్టూ సిమెంటు బిగించడం వల్లే పాత చివర్లు కుళ్ళాయి. నాలుగో అంకణంలో ఒక్క దూలానికీ పురుగు లేదు, కురిడీ పొగ మసి పట్టి ఉంది. ఆ మసిని కడగొద్దని వడ్రంగులకు ముందే చెప్పాం.

తుఫాను కోసం: చూరు వైపు రెండు వరసలు, రెండు వాలులూ కలిసే మోపు దగ్గర ఒకటి, రెండు పక్క అంచులు, ఈ పెంకులన్నిటినీ జీఐ తీగతో రీపరుకి కట్టాం. గాలి పెంకును పైనుంచి నొక్కదు, చూరు కింద దూరి ఎత్తుతుంది. దూలాలకు జింకు పూత వేసిన ఇనప పట్టీలు బిగించి గోడలోకి మూడు అడుగులు దించాం. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమలో పెంకుల్ని ఏం చేసిందో తెలిసినవాళ్ళకి ఈ ఖర్చు ఎందుకో చెప్పక్కర్లేదు.

ఏప్రిల్

వేసవికి కాలువలకు నీళ్ళు ఆపేసే లోపు మంచినీళ్ళు నిలవ చేయాలి. ఈ పని మరిచిపోతే మే నెల మొత్తం పోతుంది. ఇక్కడి బోరు నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళతో సున్నం కలిపినా, గోడ తడిపినా ఏ ఉప్పు తీయాలనుకుంటున్నామో దాన్నే గోడకి తాగించినట్టు. రెండు వెయ్యి లీటర్ల ట్యాంకులు, 12 డ్రమ్ములు కాలువ నీళ్ళతో నింపి మూతలు పెట్టాం. అవి చాలలేదు, మే మూడో వారంలో ఊరి చెరువు నుంచి తెచ్చుకున్నాం. ఇంకోసారి చేసేవాళ్ళు దీనికి రెట్టింపు నింపుకోవాలి. ఇసుక కూడా సముద్రపు పోటు తగలని ఎగువ రేవుదే కావాలి.

సున్నం ఇప్పుడే వేయాలి. కాల్చిన గుల్ల 500 కిలోలు. తొట్టిలో ముందు నీళ్ళు పోసి, అందులోకి గుల్ల కొంచెం కొంచెంగా వేయాలి. గుల్ల మీద నీళ్ళు కుమ్మరిస్తే ఎగిరి మొహం మీద పడుతుంది. కళ్ళద్దాలు, రబ్బరు బూట్లు తప్పనిసరి, పిల్లలు ఆ ఛాయలకు రాకూడదు. ఉడికిన సున్నాన్ని సన్న జల్లెడలో వడకట్టి, పైన జానెడు నీళ్ళు నిలిపి మూడు వారాలకు తగ్గకుండా ఊరబెట్టాలి. ఒక తొట్టి వడకట్టకుండానే దింపేశారు. దానితో వేసిన చోట నెల తర్వాత పూత పొక్కులు పొక్కులుగా లేచింది. ఉడకని పలుకు లోపల ఉండిపోయి, తర్వాత తడి తగిలి ఉబ్బుతుంది. ఆ నాలుగు చదరపు మీటర్లూ చెక్కి మళ్ళీ వేశాం.

చెదలు: క్లోర్‌పైరిఫాస్ 20 శాతం మందు లీటరుకి 19 లీటర్ల నీళ్ళు. గోడా నేలా కలిసేచోట అడుగుకో కన్నం, 12 మిల్లీమీటర్లు, కన్నానికి లీటరు మించకుండా. కాలువ వైపు గోడకి అసలు పెట్టలేదు, ఆ మందు చేపకి విషం. మిగతా మూడు గోడలూ కలిపి 33 మీటర్లు, 110 కన్నాలు, మందు అయిదున్నర లీటర్లు. కాలువ వైపు గోడను నెలకోసారి లైటు వేసి చూడడమే.

మే

కాలువ ఎండి మూడు వారాలయ్యాక అవే చోట్ల పక్కనే మళ్ళీ పొడి తీశాం. ఒకటో అంకణం 14 నుంచి 6కి దిగింది. అయిదోది 13 నుంచి 11కి. ఇక అనుమానం లేదు. ఒకటో అంకణానిది కాలువ ఊట, సిమెంటు పూత వెనక ఇరుక్కున్నది. పూత తీస్తే గోడ ఊపిరి పీల్చుకుంటుంది. అయిదోది ఎరువు ఉప్పు, పూత మార్చినంత మాత్రాన పోదు.

ఒకటి, రెండు అంకణాల్లో సిమెంటు పూతను చెమ్మ గీతకి రెండడుగుల పైదాకా తీశాం. ఉలి ఏటవాలుగా పెట్టి చిన్న సుత్తితో. పెద్ద డ్రిల్లు పెడితే పాత ఇటుక ముఖం పూతతో పాటే ఊడొస్తుంది. సందుల్లో మెత్తబడిన సున్నం అంగుళం లోతు గీకి కుంచెతో దులిపాం.

అయిదో అంకణంలో ఉప్పు లాగే పట్టు వేశాం. నానబెట్టి రుబ్బిన కాగితపు గుజ్జు, సన్న ఇసుక, చైనా క్లే సమభాగాలు, మంచినీళ్ళతో గారెల పిండి జారుడుగా కలపాలి. గోడను ముందు బాగా తడిపి, రెండు సెంటీమీటర్ల మందాన మెత్తాలి. నీళ్ళు గోడలోకి వెళ్ళి ఉప్పును కరిగించుకుంటాయి, పట్టు ఆరుతున్న కొద్దీ ఉప్పు బయటికి వచ్చి అందులో చేరుతుంది. రెండు మూడు వారాల్లో పట్టు ఎండి దానంతట అదే అంచులు లేస్తుంది. ఊడదీసి పరదా (టార్పాలిన్) మీద పట్టుకుని ఊరి బయట పారేయాలి, గోడ మొదట్లో రాలనిస్తే ఉప్పంతా తిరిగి నేలలోకి వెళ్తుంది. మొదటి పట్టు ఊడదీసినప్పుడు వెనకవైపు తెల్లగా, పంచదార చల్లినట్టుంది. మూడుసార్లు వేశాం. డబ్బా పరీక్షలో 9 శాతం 4కి వచ్చింది. సున్నాకి రాదు, రావాలని చూడకూడదు కూడా. ఎక్కువసార్లు తడిపితే లోతున ఉన్న ఉప్పు ముందుకు వస్తుంది.

మూడో అంకణం పగులు సంగతి. ఇంజను అదురుకి మొదలై, బెల్టు కన్నం మూల నుంచి పైకి పోయింది. ఫిబ్రవరిలోనే పగులుకి అడ్డంగా గాజు పట్టీలు మూడు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి తేదీ రాశాం. పక్కనే రెండు స్టీలు స్క్రూలు బిగించి వాటి మధ్య దూరం వెర్నియర్‌తో చూస్తూ వచ్చాం. ఏప్రిల్ చివర రెండు గాజులు తెగాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా పగులు 1.2 మిల్లీమీటర్లు తెరుచుకుంది. ఇంజను ఆగి ఎన్నో ఏళ్ళయినా పగులు కదులుతోందంటే కారణం కింద బంకమట్టి: కాలువ ఎండితే కుంచించుకుంటుంది, నీళ్ళొస్తే ఉబ్బుతుంది. మేలో పగులు బాగా తెరుచుకున్నప్పుడు సిమెంటు కూరితే, వానల్లో మూసుకోవడానికి చోటుండదు, పక్కన కొత్తగా చీలుతుంది. బెల్టు కన్నం చుట్టూ జరిగింది అదే. ఆ సిమెంటు ముక్క తీసి, ఇటుకతో సున్నంతో కట్టి, పగుల్లో మెత్తటి సున్నం, సుర్కీ (ఇటుక పొడి) కూరాం.

ఇంజను దిమ్మను కదపలేదు. నూనె పీల్చిన ఇటుక మీద సున్నం పట్టదు. చాకలి సోడా, పొడి సున్నం ముద్ద పెట్టి రెండుసార్లు నూనె లాగాం, మరక పలచబడింది గాని పోలేదు. బోల్టుల చివర్లకు టోపీలు బిగించి, పైన చెక్క పలక వేస్తే అది కూర్చునే దిమ్మ అవుతుంది.

జూన్, జులై

గచ్చు: సున్నం ఒక పాలు, ఇసుక రెండు, సుర్కీ ఒకటి. మొదటి పూత 12 మిల్లీమీటర్లు, రెండోది 8, పైన 3. మొత్తం 96 చదరపు మీటర్లకు వృథాతో కలిపి రెండున్నర ఘనపు మీటర్ల ముద్ద పట్టింది. సుర్కీ బాగా కాలని ఇటుకను దంచినది కావాలి. మాడిన ఇటుక దంచితే ఒట్టి ఇసుకే, సున్నంతో పట్టు రాదు. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పాతకాలంలో కలిపేవారు. బెల్లం మేము కలపలేదు, చీమలూ బూజూ పట్టిన చోట్లు చూశాం.

సిమెంటుకి అలవాటుపడిన చేతికి సున్నం ఓపిక నేర్పదు, అడుగుతుంది. ఒక పూతకీ ఇంకో పూతకీ మధ్య వారం. మొదటి పూత వేలితో నొక్కితే గుంట పడకూడదు, గోరుతో గీస్తే గీత పడాలి, అప్పుడే రెండోది. పది రోజులు గోనెపట్టాలు తడిపి కట్టాలి, ఎండ పడే కిటికీలకు కొబ్బరాకు దడులు. తాపీమేస్త్రి గారు రెండో వారం నుంచి తానే గోరు గీసి చూసి, "ఇంకా కాలేదండి, రేపు" అనేవారు. పైన సున్నం వెల్లే, ఎమల్షన్ లేదు.

కరెంటు పాయింట్లు పెట్టే ఎత్తు గోడే చెప్పింది. కాలువ వైపు తలుపు పక్కన తారుతో గీసిన గీత, పక్కన 1986 అంకెలు. ఆ ఆగస్టు వరదలో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు తాకింది. గీత నేల నుంచి 85 సెంటీమీటర్లు. ప్లగ్గులన్నీ 120 దగ్గర, వైరు పైనుంచి కిందికి దిగేలా. పుస్తకాల బీరువాల్లో కింది అర గీతకి పైన, దాని కింద ఖాళీ చట్రం. బీరువాలు గోడకి అర అడుగు ఎడం.

అయిదో అంకణంలో పుస్తకం పెట్టకూడదని తీర్మానించాం. 4 శాతం అంటే వానాకాలంలో అది ఇంకా తడుస్తుంది. అక్కడ వరద సామాను: పరదాలు, తాళ్ళు, లాంతర్లు, ప్లాస్టిక్ డ్రమ్ములు. నాలుగో అంకణం మసి దూలాల కింద పిల్లల బల్లలు.

అక్టోబరు

కాలువ నిండుగా ఉంది. ఒకటో అంకణం 30 సెంటీమీటర్ల దగ్గర 7 శాతం, ఫిబ్రవరిలో 14. అయిదో అంకణంలో గచ్చు మీద రెండు చోట్ల అరచేయంత మేర తెల్ల పొడి లేచింది. అది రావాల్సిందే, ఆ గచ్చు వేసింది ఉప్పును తన మీదికి తెచ్చుకుని రాలిపోవడానికే. పొడి కుంచెతో దులిపి చేటలోకి తీశాం, తడి గుడ్డ పెట్టలేదు. మూడో అంకణం స్క్రూల మధ్య దూరం మే కంటే 0.9 మిల్లీమీటర్లు తగ్గింది, సున్నం కూరిన చోట వెంట్రుక గీత కూడా లేదు. తెగిన గాజుల స్థానంలో కొత్తవి అతికించి తేదీలు రాశాం. తర్వాతి పొడి తీయడం ఫిబ్రవరిలో, అవే పదిహేను చోట్ల పక్కన. కన్నాలు సున్నంతో మూసి పెన్సిలుతో అంకెలు వేసి ఉన్నాయి.